ఇంట్లో ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి? హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళు చెప్పండి

మధురవాడ_కొత్తకాపురం
అక్టోబరు 10, 2024, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం జూన్‌లో హైదరాబాద్ నుంచి విశాఖలోని మధురవాడ వచ్చాం. తొమ్మిదో అంతస్తు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందని ముచ్చటపడి తీసుకున్నాం. ఇవాళ టీవీ పెడితే ఫ్లోరిడాలో మిల్టన్ హరికేన్, ఫోన్ తీస్తే "ఎల్లుండికి హుద్‌హుద్‌కి పదేళ్ళు" అని పాత వీడియోలు. అవన్నీ చూశాక ఆ సముద్రం అంత ముచ్చటగా కనిపించడం లేదు.

మావారికి వారంలో మూడు నైట్ షిఫ్టులు. ఇంట్లో నేను, అత్తయ్యగారు (ఇన్సులిన్ తీసుకుంటారు), నాలుగేళ్ళ పాప. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా "టార్చిలైటు దగ్గర ఉంచుకోండి, పుకార్లు నమ్మకండి" అనే ఉంది. నేనడిగేది అది కాదండీ. ఆ రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇంట్లో ఏది లేక నిజంగా ఇబ్బందయింది? అది చెప్పండి చాలు.

సీతమ్మధార_పిన్ని
అక్టోబరు 10, రాత్రి 10:05

నీళ్ళు, తల్లీ. మిగతావన్నీ ఆ తర్వాతే.

2014 అక్టోబరు 12, ఆదివారం. ముందురోజు మేం కొవ్వొత్తులు, బిస్కెట్లు, బ్రెడ్డు తెచ్చుకుని పిక్నిక్‌కి వెళ్తున్నట్టు కూర్చున్నాం. పొద్దున్నుంచి గాలి. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి ఆగిపోయింది. మా వీధిలో అందరూ బయటికొచ్చి, అయిపోయిందనుకుని, పడిన కొమ్మలు ఫొటోలు తీసుకుంటున్నారు. పక్కింటి పెద్దాయన ఒక్కరే "లోపలికి పొండర్రా, ఇది తుపాను కన్ను, ఇంకో సగం ఉంది" అని అరిచారు. ఆయన మాట విని లోపలికి వచ్చాం కాబట్టి సరిపోయింది. కాసేపటికి గాలి అవతలి దిక్కునుంచి కొట్టింది. పొద్దున్న ఒక పక్కకి ఒరిగి ఆగిన బాదం చెట్టు రెండో పక్కనుంచి తోసేసరికి వేళ్ళతో సహా లేచి మా ప్రహరీ మీద పడింది.

రాత్రికి గాలి తగ్గిపోయింది. మా ఇంటికి కరెంటు వచ్చింది మాత్రం తొమ్మిదో రోజున! అసలు కష్టం ఆ తొమ్మిది రోజులదీ. పెరట్లో బోరు ఉంది, అందులో నీళ్ళున్నాయి, మోటారు తిరగదు. వీధి నిండా రాలిన కొబ్బరి బోండాలు, ఇంట్లో కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళు లేవు. ట్యాంకరు వచ్చిందంటే పరిగెత్తి వెళ్ళేవాళ్ళం. తీరా వెళ్తే పట్టుకోవడానికి గిన్నెలేవీ? ఇత్తడి బిందెలు, గంగాళాలు ఎప్పుడో అమ్మేసి ప్లాస్టిక్ మగ్గులు కొనుక్కున్నాం. చివరికి అటక మీంచి మా అత్తగారి గంగాళం ఒకటి దించాం. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ళు, ఆ వారమంతా ఆవిణ్ణి తలుచుకోని పూట లేదు.

లెక్క చెప్తాను రాసుకో. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు. మీరు నలుగురు, ఐదు రోజులు. 80 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. బాత్‌రూమ్ నీళ్ళు ఇందులో లెక్క కాదు. వాటికి మూతలున్న డ్రమ్ము ఒకటి, ఉన్న బకెట్లన్నీ. ఫ్లష్ నొక్కితే ఒక్కసారికి బకెట్ సగం పోతుంది, చెంబుతో పోసుకోవాలి.

రెండోది చేతిలో డబ్బు. ఏటీఎంలు లేవు, కార్డులు లేవు. ఆ రోజు మా ఇంట్లో ఉన్నది 340 రూపాయలు. పాల ప్యాకెట్ రెండింతలు, మూడింతలకి అమ్మారు. ఇప్పుడైతే అందరూ ఫోన్లోనే కడుతున్నారు, సిగ్నల్ పోతే మీ పని నాకంటే అన్యాయం. వందలు, యాభైలు కలిపి ఓ 5,000 బియ్యం డబ్బాలో పడేసి మర్చిపో.

డౌట్_మాస్టారు
అక్టోబరు 10, రాత్రి 10:31

పదేళ్ళకోసారి వచ్చేదానికి రోజూ టెన్షన్ పడటం అవసరమా? హుద్‌హుద్ తర్వాత ఎన్నిసార్లు భయపెట్టారు చూడండి. 2018లో తిత్లీ, పలాస వైపు పోయింది. 2021లో జవాద్, తీరం దాటకుండానే బలహీనపడింది. 2023లో మిచౌంగ్, బాపట్ల దగ్గర దాటింది. ప్రతిసారీ సూపర్ మార్కెట్లో బ్రెడ్డు ఖాళీ. టీవీ వాళ్ళకి రేటింగ్, షాపు వాళ్ళకి బేరం.

పెందుర్తి_పల్లం
అక్టోబరు 10, రాత్రి 10:40

మాస్టారూ, 2021లో గులాబ్‌ని లెక్కలో వదిలేశారు. అది కూడా కళింగపట్నం దగ్గరే దాటింది. గాలి మన మీదికి రాలేదు, వాన వచ్చింది. మా హాల్లో మోకాలి లోతు నీళ్ళు. రేపు వివరంగా రాస్తాను.

జాలారిపేట_కుర్రాడు
అక్టోబరు 11, ఉదయం 6:20

మా ఇళ్ళల్లో తుపాను అనరండి, గాలి అంటారు. "హుద్‌హుద్ గాలికి పోయిన బోటు" అంటే అందరికీ అర్థమైపోద్ది. మా తాత ముందురోజే తెప్పల్ని ఇసక మీద పైపైకి లాగించి తాళ్ళు కట్టించాడు. మా నాన్న ఇంజను విప్పి ఇంట్లోకి తెచ్చాడు. అందరూ నవ్వారు. తెల్లారి ఇంజన్లు పోయినోళ్ళు ఏడ్చారు.

మాస్టారుకి ఒక మాట. మీరు టీవీలో వినే "ప్రమాద హెచ్చరిక నంబరు" ఇంట్లోవాళ్ళకి పెట్టింది కాదండి, రేవులో ఓడలకి పెట్టింది. 1, 2 అంటే దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే ఇక్కడ రేవుకే ఇబ్బంది. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెను ప్రమాదం. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 8 కన్నా 9, 9 కన్నా 10 పెద్ద గాలి అనుకుంటారు చాలామంది. మూడూ ఒకే తీవ్రత. తుపాను దారికి రేవు ఎడమపక్క పడితే 8, కుడిపక్క పడితే 9, నెత్తిమీదికే వస్తుంటే 10. మా తాతకి చదువు రాదు గానీ ఇది మాత్రం నోటికొచ్చు.

ఇంట్లోవాళ్ళు నంబరు కాదు, గాలి వేగం చూసుకోవాలి. 62 కిలోమీటర్లు దాటితే తుపాను అని పేరెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్రం. హుద్‌హుద్ 180 దగ్గర కొట్టింది.

ఓర్లాండో_ఎంవీపీ
అక్టోబరు 11, ఉదయం 8:15

ఫ్లోరిడా నుంచి రాస్తున్నా. మాది ఎంవీపీ కాలనీ, అమ్మానాన్న అక్కడే ఉంటారు. మిల్టన్ మొన్న రాత్రి సియెస్టా కీ దగ్గర తీరం దాటి మా మీదుగా అట్లాంటిక్‌లోకి పోయింది. మేం క్షేమం. కరెంటు ఇంకా రాలేదు, కారులో ఫోన్ ఛార్జ్ చేసుకుంటూ రాస్తున్నా.

హరికేన్, తుపాను ఒకటేనండీ. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్, బంగాళాఖాతంలో పుడితే తుపాను. కొలతలో తేడా ఉంది. ఇక్కడ ఒక నిమిషం సగటు గాలి లెక్క కడతారు, మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది. అందుకని ఇక్కడి అంకెని, అక్కడి అంకెని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక్కడ నేర్చుకున్నవి రెండు. ఒకటి, అద్దాలకి ఇంటూ గుర్తులా టేపు అంటించడం. ఇక్కడి అధికారులు వద్దనే చెప్తారు. దాంతో అద్దానికి బలం రాదు, పగిలితే పెద్ద పెద్ద ముక్కలు ఒకదానికొకటి అంటుకుని మీద పడతాయి. ఇక్కడ ప్లైవుడ్ కొడతారు. తొమ్మిదో అంతస్తుకి బయటనుంచి ప్లైవుడ్ ఎలాగూ కొట్టలేరు, కాబట్టి అద్దాలకి దూరంగా ఉండటమే. స్లైడింగ్ తలుపుల గొళ్ళాలు, రబ్బరు బీడింగులు ఇప్పుడే చూసుకోండి. గాలి ముదిరాక అందరూ అద్దం లేని గదిలోకి వెళ్ళాలి. ఫ్లాట్లలో అది మామూలుగా బాత్‌రూమో, మధ్య నడవో. ఒత్తిడి సమానం కావాలని ఎదురు కిటికీ తెరవమంటారు కొందరు, ఆ పని అస్సలు చేయకండి.

రెండు, జనరేటర్. ఇక్కడ ప్రతి హరికేన్ తర్వాతా గాలికి కాదు, జనరేటర్ పొగకి చనిపోయేవాళ్ళుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బాల్కనీలో పెట్టినా పొగ లోపలికే వస్తుంది. తలుపులు మూసి కుంపటి పెట్టుకున్నా ఇదే గొడవ.

హుద్‌హుద్ అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. ఆదివారం నుంచి బుధవారం దాకా నేనేం తిన్నానో నాకు గుర్తు లేదు. తర్వాత తెలిసింది, నాన్న రోజూ నడుచుకుంటూ వెళ్ళి మా పాత ఇంటి దగ్గర ఎవరిదో ల్యాండ్‌లైన్ ప్రయత్నిస్తున్నారట, నా నంబరు ఆయనకి నోటికి రాక పాత నంబరుకి చేస్తున్నారట!

సీతమ్మధార_పిన్ని
అక్టోబరు 11, ఉదయం 9:02

అయ్యో నాయనా. ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో నంబర్లు రాసి అంటించమను. 112, 108, 101, కలెక్టరాఫీసు కంట్రోల్ రూమ్ 1077, కరెంటుకి 1912. వాటికన్నా పైన నీ నంబరు.

స్తంభం_దిగినవాడు
అక్టోబరు 11, మధ్యాహ్నం 2:48

లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. కరెంటు సంగతి నేను చెప్తాను.

గాలి పెరిగే ముందు మేమే సప్లై ఆపేస్తాం. "వాన చుక్క పడకుండానే తీసేశారు" అని ఫోన్లో తిడతారు. తెగిన తీగలో కరెంటు ఉంటే ఎవడు తొక్కుతాడో తెలియదు, అందుకు. తిట్టేముందు అది ఆలోచించండి.

తిరిగి ఇచ్చేటప్పుడు ఒక వరస ఉంటుంది. ముందు సబ్‌స్టేషన్లు, పెద్ద లైన్లు. తర్వాత ఆసుపత్రులు, మంచినీళ్ళ పంపులు. ఆపైన వీధి ట్రాన్స్‌ఫార్మర్లు. మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు అన్నిటికన్నా ఆఖరు. పక్క వీధిలో లైటు వెలిగి మీకు వెలగలేదంటే లంచం ఇచ్చారని కాదు, వాళ్ళది వేరే ట్రాన్స్‌ఫార్మర్. హుద్‌హుద్‌కి స్తంభాలు వేల లెక్కన పడ్డాయి. వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి మనుషులు వచ్చి పనిచేశారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఊళ్ళో కొంత భాగం తీగలు భూమిలోకి వెళ్ళాయి. అక్కడ చెట్టు పడితే ఇబ్బంది లేదు, నీళ్ళు నిలిస్తే మాత్రం ఉంది.

చేతులు జోడించి చెప్పేది ఒకటుంది. ఇంటి జనరేటర్ని ప్లగ్గు సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునే తెలివైనవాళ్ళుంటారు. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజి పెరిగి, సప్లై లేదనుకుని స్తంభం ఎక్కినవాడిని పట్టుకుంటుంది. నాకు తెలిసిన కుర్రాడు ఒకడు అలాగే పోయాడు. ఇంకేం రాయలేను.

నీళ్ళు మీటరు బోర్డు దాకా వస్తాయనిపిస్తే ముందే మెయిన్ ఆపండి. నీళ్ళలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు. తగ్గాక కూడా ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు.

డౌట్_మాస్టారు
అక్టోబరు 11, సాయంత్రం 5:10

లైన్‌మన్ గారూ, నమస్కారం. ఆ తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మందులషాపు_మూడోవీధి
అక్టోబరు 11, రాత్రి 9:55

అత్తయ్యగారి ఇన్సులిన్ గురించి. వాడుతున్న సీసా గానీ పెన్ను గానీ ఫ్రిజ్ లేకపోయినా మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఆగుతుంది (మీ రకానికి ఎన్ని రోజులో పెట్టె మీద ఉంటుంది, చూసుకోండి). తెరవనివి ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోతే కంగారుపడి ఐసులో పెట్టేస్తారు, అది తప్పు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో పొడి డబ్బాలో మందు. పైన తడిగుడ్డ. నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి.

జనం మరిచిపోయేది ఇంకొకటుంది. అలాంటి రోజుల్లో భోజనం వేళ తప్పుతుంది, ఇంజెక్షన్ మాత్రం వేళకి వేసుకుంటారు. రక్తంలో చక్కెర ఒక్కసారి పడిపోతుంది. ఆవిడ మంచం పక్కనే పంచదార, గ్లూకోజు ప్యాకెట్టు పెట్టండి, ఎక్కడున్నాయో పాపకి కూడా చూపించండి.

రోజూ వేసుకునే మాత్రలు ఇంకా పది మిగిలి ఉండగానే కొత్త స్ట్రిప్ తెచ్చుకోండి. 2014లో మా షాపు షట్టరు ఊడిపోయింది, స్టాకంతా తడిసింది. మూడో రోజు టేబుల్ వేసుకుని పగటి వెలుతురులో అమ్మాను. చీటీ లేకుండా వచ్చి "తెల్లగా, చిన్నగా ఉంటుంది, బీపీ మాత్ర" అన్నవాళ్ళే ఎక్కువ. చీటీ ఫొటో ఫోన్లోనూ, జిరాక్సు పర్సులోనూ ఉండాలి.

విరేచనాలు పట్టుకుంటే: లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టు (అంచుకి సమంగా).

పెందుర్తి_పల్లం
అక్టోబరు 12, ఉదయం 7:30

నిన్న రాస్తానని రాయలేదు, దసరా పనుల్లో పడ్డాను.

గులాబ్ రాత్రి, 2021 సెప్టెంబరు 26. గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు వేసి ధీమాగా పడుకున్నాం. నీళ్ళు గుమ్మంలోంచి రాలేదు. బాత్‌రూమ్ జాలీలోంచి ఉబికాయి! కాలవ నిండితే మురుగు వెనక్కి తంతుందని ఎవరికి తెలుసు? నాకు తెల్లవారుజామున మూడు గంటలకి తెలిసింది. పల్లంలో ఉన్నవాళ్ళు ఒక బస్తా జాలీ మీద, ఒకటి కమోడ్‌లోకి దింపి పెట్టండి.

కాగితాలన్నీ బీరువా అడుగు అరలో భద్రంగా ఉన్నాయి. భద్రంగా తడిశాయి. ఇంటి దస్తావేజులు దారాల మీద బట్టల్లా ఆరేసుకున్నాం. ఇప్పుడు అన్నీ పై అరలో, జిప్పున్న ప్లాస్టిక్ కవర్లో. ఆధార్, లైసెన్సు, మార్కుల జాబితాలు డిజిలాకర్లో కూడా పెట్టాను.

కారు సంగతి చెప్తే నవ్వుతారు. నీళ్ళు తగ్గాక స్టార్ట్ అవుతుందేమోనని తాళం తిప్పాను. ఇంజన్లోకి నీళ్ళు లాగేసింది. మునిగిన కారుని స్టార్ట్ చేయకుండా తోసుకెళ్ళి మెకానిక్‌కి ఇస్తే చాలా తక్కువలో పోయేదట. థర్డ్ పార్టీ పాలసీలో తుపాను నష్టం రాదు. ఫుల్ పాలసీ ఉన్నా, మనం తాళం తిప్పి పాడుచేసిన ఇంజన్‌కి విడిగా ఇంజన్ కవరు ఉండాలి. నాకు లేదు.

గాజువాక_శీను
అక్టోబరు 12, మధ్యాహ్నం 12:20

అందరూ గాలీవానా గురించే రాస్తున్నారు. మా వైపు భయం వేరు.

2020 మే 7, తెల్లవారుజామున మూడు దాటాక ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి వచ్చినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళు అక్కడే ఉన్నారు. సైరన్ మోగలేదు. కళ్ళు మండి లేచారు. మనుషులు పరిగెడుతూ పరిగెడుతూ రోడ్డు మీద పడిపోయారు. మా పెద్దమ్మ తడి చీర ముఖానికి చుట్టుకుని, మనవణ్ణి ఎత్తుకుని మేడ మీదికి ఎక్కింది. ఆవిడకి రసాయనశాస్త్రం రాదు, కింద వాసన ఎక్కువగా ఉందని ఎక్కిందంతే. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది. వంట గ్యాసూ అంతే.

ఫ్యాక్టరీల పక్కన ఉన్నవాళ్ళు తుపానుకి కట్టుకున్న సంచీనే దీనికీ వాడుకోవచ్చు గానీ పద్ధతి వేరు. తుపాను మూడు రోజుల ముందు చెప్పి వస్తుంది, ఇది చెప్పదు. ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి, గుడి జెండా చాలు. గాలి వీస్తున్న వైపే పరిగెడితే ఆవిరి మీతోపాటే వస్తుంది. ఎదురు వెళ్తే అది పుట్టిన చోటికే పోతారు. అడ్డంగా, పక్కకి పోవాలి. పోలేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఏసీ, ఎగ్జాస్ట్ ఆపి పై అంతస్తులో ఉండాలి.

1997 సెప్టెంబరు 14 రిఫైనరీ మంటలు చూసినవాళ్ళు మా ఇంట్లో ఇంకా ఉన్నారు. పడుకునే ముందు చెప్పులు మంచం పక్కన, బండి తాళం మేకుకి. ఇరవై ఏడేళ్ళుగా అదే అలవాటు.

బ్రెడ్డు_లేని_బాలు
అక్టోబరు 22, రాత్రి 8:00

దానా తుపాను వస్తోందంటున్నారు. సూపర్ మార్కెట్లో నా ముందాయన పాల ప్యాకెట్లు ఇరవై కొన్నాడు. కరెంటు పోతే ఏం చేసుకుంటాడు, పాలాభిషేకమా?

డౌట్_మాస్టారు
అక్టోబరు 22, రాత్రి 8:14

పాలపొడి డబ్బా కొనుక్కోమనండి. నేను కొన్నాను (నవ్వకండి).

మోడరేటర్
అక్టోబరు 22, రాత్రి 8:20

వాట్సాప్‌లో తిరుగుతున్న "విశాఖలో రేపు తీరం దాటుతుంది" ఆడియో ఇక్కడ పెట్టొద్దు. రెండుసార్లు తీసేశాను. వాతావరణ శాఖ బులెటిన్ మాత్రమే పెట్టండి.

మధురవాడ_కొత్తకాపురం
అక్టోబరు 22, రాత్రి 9:45

నేనేం చేశానో చెప్పాలి కదా. మీ జవాబులన్నీ చదివాక మావారు ఒక పిచ్చి ఆలోచన చేశారు. మొన్న ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి మెయిన్ ఆపేశారు, ఇన్వర్టర్‌తో సహా. తొమ్మిదింటి దాకా వేయనన్నారు. ఏది లేకపోతే ఇబ్బందో మనకే తెలుస్తుందట.

పది నిమిషాల్లో మొదటిది తెలిసింది. నీళ్ళ ఫిల్టరు కరెంటుది. దాని తొట్టిలో ఉన్నది ఏడు లీటర్లు. నా జన్మలో ఆ సంగతి ఆలోచించలేదు. తర్వాత పొయ్యి. ఇండక్షన్ మీద పడి గ్యాస్ పొయ్యి వాడటం తగ్గించాం, సిలిండర్ అడుగంటి ఉంది. టార్చి దొరికింది, అందులో సెల్స్ కారి తుప్పు. కొవ్వొత్తి వెలిగిస్తే పాప దాని చుట్టూ తిరుగుతుంటే నా ప్రాణం పోయింది. మర్నాడే ఛార్జింగ్ లాంతర్లు రెండు కొన్నాం. అత్తయ్యగారు మాత్రం హాయిగా ఉన్నారు, "మా చిన్నప్పుడు రోజూ ఇంతే" అని పాపకి కథలు చెప్పారు. ఆ మూడు గంటల్లో పాప ఫోన్ అడగలేదు.

ఏడున్నరకి పైన ట్యాంకు చూద్దామని మావారు మెట్లెక్కారు. టెర్రస్‌కి తాళం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో! ప్లాస్టిక్ ట్యాంకులు మూడు, ఒకదానికి మూత కూడా సరిగ్గా లేదు. గట్టి గాలి వచ్చిన రోజున ఆ మూత ఎవరింటి అద్దంలోంచి వెళ్ళేదో.

ఇప్పుడు క్యాన్లు నాలుగు ఉన్నాయి. అటుకులు, మరమరాలు, చోడిపిండి, ఆవకాయ ఉన్నాయి. డబ్బులు బియ్యం డబ్బాలో ఉన్నాయి (పిన్నిగారూ, మర్చిపోలేదు). బాల్కనీలో పూలకుండీలు లోపలికి వచ్చాయి, నీళ్ళు పోయే గొట్టంలో చెత్త తీశాం. టెర్రస్ తాళం రెండో చెవి కోసం సంఘంలో వాదన నడుస్తోంది.

జాలారిపేట_కుర్రాడు
అక్టోబరు 22, రాత్రి 10:02

ట్యాంకులు ఖాళీగా ఉంచకండి. నిండితే బరువుకి కదలవు, ఖాళీవి ఎగిరిపోతాయి. మూతకి తాడు కట్టండి, నైలాన్ది. మా దగ్గర కావలసినంత ఉంది, వల తాడు, తెగదు. వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు.

ఓర్లాండో_ఎంవీపీ
అక్టోబరు 23, ఉదయం 7:40

దానా ఒడిశా వైపే అంటున్నా ఇక్కడ నా కాళ్ళు నిలవడం లేదు. అమ్మకి మోకాళ్ళు. నాన్నకి 78, ఎవరినీ సాయం అడగరు. ట్రాన్సిస్టర్ పంపించాను, ఫోన్లు పోయినా విశాఖ రేడియో వినిపిస్తుందని. పనిచేయడం లేదని మూల పడేశారు. క్యాన్లు తెచ్చుకోమంటే "రేపు" అంటారు. అక్కడ ఎవరైనా…

సీతమ్మధార_పిన్ని
అక్టోబరు 23, ఉదయం 8:10

అడ్రసు నాకు విడిగా పంపించు. ఎంవీపీ ఎంత దూరం, ఆటో ఎక్కితే పది నిమిషాలు. మీ నాన్నగారికి ముందే ఫోన్ చేసి చెప్పు, దొంగనుకుంటారు.

స్తంభం_దిగినవాడు
అక్టోబరు 23, ఉదయం 8:30

ఆ పక్కనే మా అమ్మాయి ఇల్లు. క్యాన్లు మోయడానికి నేనూ వస్తాను. మీటరు బోర్డు కూడా ఒకసారి చూస్తాను.

డౌట్_మాస్టారు
అక్టోబరు 25, ఉదయం 9:00

దానా తెల్లవారుజామున ధామ్రా దగ్గర దాటింది. మనకి గాలే లేదు. చూశారా, నేను ముందే చెప్పాను.

పెందుర్తి_పల్లం
అక్టోబరు 25, ఉదయం 9:06

పాలపొడి ఏం చేస్తున్నారు మాస్టారూ?

డౌట్_మాస్టారు
అక్టోబరు 25, ఉదయం 9:20

కాఫీ.

మధురవాడ_కొత్తకాపురం
అక్టోబరు 25, ఉదయం 11:15

క్యాన్లలో నీళ్ళు మొక్కలకి పోసి కొత్తవి పట్టాం. నెలకోసారి మార్చాలని క్యాలెండర్ మీద గుర్తు పెట్టాను. తాళం చెవి సంగతి ఇంకా తేలలేదు, మూడో అంతస్తు వాళ్ళు ఒప్పుకోవడం లేదు. వల తాడు మాత్రం వచ్చింది, తమ్ముడూ, థాంక్స్.

ఓర్లాండో_ఎంవీపీ
అక్టోబరు 25, మధ్యాహ్నం 12:30

నాన్న ఇందాకే ఫోన్ చేశారు. ఎవరో పిన్నిగారు, ఒక లైన్‌మన్ గారు వచ్చి క్యాన్లు పెట్టి, కాఫీ తాగి, రెండు గంటలు కబుర్లు చెప్పి వెళ్ళారట. గోడ మీద నా నంబరు అరచేయంత అక్షరాలతో రాశారట, అమ్మ "గోడ పాడుచేశారు" అంటోంది. ట్రాన్సిస్టర్‌కి ఏ జబ్బూ లేదట. ఇన్నాళ్ళూ బ్యాటరీలు తిరగేసి పెట్టారు.